సత్తిరాజు బిగింపు

కొత్తపేటలో సైకిళ్ల సత్తిరాజు బిగించిన బోల్టు విప్పాలంటే మళ్లీ సత్తిరాజే రావాలి. ఒకసారి వరదకు సైకిలు ముక్కలైపోతే, సీటొక్కటే బిగించిన ఎత్తులో తేలుతూ ఓడలరేవు చేరిందని చెప్పుకుంటారు. ఆ మాట మొదట చెప్పింది సత్తిరాజే అనుకోండి. ముప్పై ఏళ్లలో ఒక్క సైకిలైనా పని బాగోలేదని వెనక్కి రాలేదన్నది ఆయన గొప్ప.

అలాంటి కొట్టుకి లెక్చరర్ సత్యప్రసాద్ తన గేరు సైకిలు కోసం కార్బన్ ఫైబర్ సీటు గొట్టం తెచ్చారు. నల్లగా, చిటికెన వేలితో ఎత్తేంత తేలిక.

"ఇది ఇనుము కాదండి. పెట్టెలో కాయితం ఉంది, చదివి బిగించండి."

"గొట్టానికి కాయితమేంటండి, పెళ్లికూతురా లగ్నపత్రిక చదవడానికి?" అన్నాడు సత్తిరాజు.

లెక్చరర్ అటు వెళ్లగానే సత్తిరాజు గొట్టానికి కొబ్బరినూనె పట్టించాడు. తలకైనా గొలుసుకైనా ఆయన వైద్యం అదే. గొట్టం ఫ్రేములోకి నున్నగా దిగింది. పెట్టెలో చిన్న ప్యాకెట్ కూడా ఉంది. విప్పితే ఇసుకలా గరగరలాడే ముద్ద. చేతి జిడ్డు వదలడానికి కంపెనీవాళ్లు మర్యాదకి ఇచ్చారనుకుని చేతులు శుభ్రంగా తోముకున్నాడు.

మర్నాడు సత్యప్రసాద్ ఆత్రేయపురం బయల్దేరారు. రావులపాలెం దాటేసరికి సీటు రెండు వేళ్లు దిగింది, ఆత్రేయపురంలో నాలుగు. తిరిగి కొత్తపేట చేరేసరికి మోకాళ్లు చెవుల్ని పలకరిస్తున్నాయి. పక్క టీకొట్టు మోషే గ్లాసు కడగడం ఆపేసి చూశాడు.

"ఏవండి సత్తిరాజుగారూ, వెళ్లేటప్పుడు లెక్చరర్నండి. వచ్చేసరికి ఎల్కేజీ అయిపోయేను," అన్నారు సత్యప్రసాద్.

"ఇంకో రెండు చుట్లు బిగిస్తే సరండి." సత్తిరాజు పానా అందుకున్నాడు.

"ఆగండి. ఎక్కువ బిగిస్తే చిట్లుద్ది. దారిలో నా కిందే విరుగుద్దండి. కాయితం చదివేరా?"

సత్తిరాజు భార్య ఆదిలక్ష్మి పెట్టెలోంచి కాయితం తీసి చదివింది. నూనె, గ్రీజు రాయకూడదు. ప్యాకెట్లో ముద్దే పూయాలి, ఆ గరుకే గొట్టాన్ని జారనివ్వదు.

"నిన్న మీరు తోముకున్నది అదేనండీ. అందుకే రాత్రి కంచం మీ చేతికి అంటుకుపోయింది," అంది.

మోషే నవ్వు ఆపుకోలేకపోయాడు. ముప్పై ఏళ్ల పేరు నడిబజార్లో పడింది. కంపెనీ మీద తోసేద్దామని సత్తిరాజు నోరు తెరిచాడు. కానీ ఎదురుగా లెక్చరర్ మోకాళ్లు కనిపించాయి.

"తప్పు నాదేనండి," అన్నాడు, కాఫీలో ఈగ పడ్డవాడిలా.

గొట్టం పీకి, లోపలా బయటా నూనె చుక్క లేకుండా స్పిరిట్‌తో తుడిచాడు. బీటలున్నాయేమో గోటితో తడిమి చూశాడు. ప్యాకెట్ అడుగున మిగిలిన ముద్దను దువ్వెన వీపుతో నొక్కి తీసి పూశాడు. సరిపడా బిగిశాక టక్కుమనే పానా ఒకటి సత్యప్రసాద్ ఇచ్చారు.

టక్కుమంది.

సత్తిరాజు చెయ్యి ఇంకో చుట్టుకి లేచింది. ఆదిలక్ష్మి దగ్గింది. కుడిచేతిని ఎడంచేత్తో పట్టుకుని వెనక్కి లాక్కున్నాడు.

సత్యప్రసాద్ గొట్టం మీద టేపుతో గుర్తు పెట్టి, కాలువ గట్టున గతుకుల్లో రెండుసార్లు తిరిగొచ్చారు. వెంట్రుకవాసి కూడా దిగలేదు.

"రెండు నెలలకోసారి తీసి తుడిచి, బీటలు చూసి, మళ్లీ ముద్ద రాయాలండి. తీసుకురండి," అన్నాడు సత్తిరాజు.

"అయితే మీ కొట్టుకి సైకిలు వెనక్కొస్తదన్నమాట," అన్నాడు మోషే.

"ఆయ్. నేను రమ్మన్నాను కాబట్టి వస్తదండి."