పెద్ద స్పానరు లేని మూట

ఇరవై ఏళ్ళ పైచిలుకుగా ఒక మాట నా నాలుక కింద ఉంది. అన్నం తింటున్నా, పాట పాడుతున్నా, కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తున్నా అది అక్కడే ఉంటోంది. నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీ ముందు కక్కేయగలనేమో చూస్తాను. మధ్యలో ఆగితే ఏమీ అనుకోకండి. నేను పిరికివాణ్ణి.

మాది నర్సీపట్నం. తొంభైల చివర్లో నేను ఎరువుల కొట్లో గుమస్తాని. ఆదివారాలు మాత్రం సువార్తికుణ్ణి. కొయ్యూరు అవతల కొండల్లో మా చర్చికి ఒక చిన్న సంఘం ఉండేది. ఒక ఆదివారం నేను, మరో ఆదివారం దేవదానం వెళ్ళి అక్కడ ఆరాధన జరిపించేవాళ్ళం. దేవదానం దర్జీ. కాలితో తొక్కే మిషను మీద బతికే మనిషి. నాకంటే చిన్నవాడు, నన్ను అన్నయ్యా అనేవాడు. మా ఇద్దరికీ కలిపి చర్చివాళ్ళు ఇచ్చిన పాత మోటారు సైకిలు ఒక్కటే.

ఆ బండితో పాటు ఒక మూట ఉండేది. పాత తువ్వాలులో చుట్టిన పనిముట్లు. కొండదారిలో పంచరైతే పిలిస్తే పలికే మెకానిక్ ఉండడు. చక్రం మనమే విప్పుకోవాలి, అతుకు మనమే వేసుకోవాలి. అందుకని బండి చేతులు మారేటప్పుడు మాకొక పద్ధతి ఉండేది. ఇచ్చేవాడు తువ్వాలు పరిచి ఒక్కొక్క వస్తువు పేరూ చెప్పాలి, తీసుకునేవాడు దాన్ని చేత్తో ముట్టుకోవాలి. ఇరుసు నట్టు విప్పే పెద్ద స్పానరు, టైరు లేపే ఇనుప పట్టీలు, కటింగ్ ప్లేయరు, ట్యూబు అతుకులు, అవి అంటించే సొల్యూషను, గాలి పంపు. ఆ తర్వాతే ప్రార్థన. దేవదానం నాకు ఇచ్చేటప్పుడు తువ్వాలు పరిచేవాడు. నేనిచ్చినప్పుడు మాత్రం మూట విప్పేవాడు కాదు. అన్నయ్య కట్టిన మూట విప్పి చూస్తే అన్నయ్యని అనుమానించినట్టేనని అతని లెక్క. నాకది గౌరవంగా ఉండేది.

ఇప్పుడు అసలు సంగతి. దీని చుట్టూ తిరగడం నాకు బాగా అలవాటు.

నేను వెళ్ళిన ఆదివారాలు ఆరాధన తరచూ ఆలస్యమయ్యేది. పంచరైందని చెప్పేవాణ్ణి. కొన్నిసార్లు అది నిజం. కొన్నిసార్లు నిద్ర. ఒక సాయంత్రం సంఘ పెద్ద అందరి ముందూ అన్నాడు, “దేవదానం ఎల్లిన్నాడు అవ్వని పంచరు నువ్వెల్లిన్నాడే అవుద్దేటి?” అందరూ నవ్వారు. దేవదానం నవ్వలేదు. దారి అలాంటిదని నా తరఫున మాట్లాడాడు. అదే నాకు కారం రాసినట్టయింది. అసూయ అనడం పెద్ద మాటేమో. కాదు, అసూయే.

ఆ శనివారం బండి అతనికి ఇవ్వాలి. అంతకుముందు చైను సర్ది పెద్ద స్పానరు మా గోడ గూట్లో పెట్టాను. మూట కడుతున్నప్పుడు అది నాకు కనిపించింది. మరిచిపోయానని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. మరిచిపోలేదు. చూశాను. వెనక ట్యూబు అతుకుల బొంత అని కూడా నాకు తెలుసు. ఒక్కసారి, ఒక్క ఆదివారం, దేవదానం కూడా ఆలస్యంగా వెళ్ళాలి. ఒక్కసారి అందరూ అతన్ని చూసి కూడా నవ్వాలి. అంతే అనుకున్నాను. అంతేనా? ఆ దారి మలుపులు, ఆ లోయ నాకు తెలియవా? తెలిసినవాడు అంతే అని ఎలా అనుకుంటాడు? మూట ముడి వేసి చేతికిచ్చాను. అతను విప్పలేదు.

ఆదివారం మధ్యాహ్నం దాకా లోపల్లోపల సంతోషంగానే ఉన్నాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను. తిన్న కోడికూర రుచి కూడా గుర్తుంది. ఎండ వాలింది. కొండల వైపు మబ్బు నల్లగా దిగుతోంది. అతను వచ్చే వేళయింది, దాటింది. వీధిలో ఏ బండి చప్పుడు వినిపించినా చెవులు నిక్కబొడుచుకుంటున్నాయి. ఏదీ మా బండి కాదు. దేవదానం భార్య సుగుణమ్మ కొంగు భుజాల చుట్టూ కప్పుకుని మా గుమ్మంలోకి వచ్చి, ఈయన ఇంకా రాలేదండీ అంది. కొండవాళ్ళు భోజనానికి ఆపేసుంటారమ్మా అన్నాను. ఆ మాట అంటున్నప్పుడే నా కళ్ళు గూటి వైపు పోయాయి.

పొద్దు గూకే వేళకి దేవదానాన్ని జీపులో తెచ్చారు. పొద్దున కొండ ఎక్కేటప్పుడే పంచరైందట. మూట విప్పి చూస్తే పెద్ద స్పానరు లేదు. రాయి తీసుకుని, కటింగ్ ప్లేయరుతో పట్టుకుని, ఇరుసు నట్టుని కొట్టి కొట్టి వదులు చేశాడు. అతుకు వేశాడు. చక్రం ఎక్కించి చేతనైనంత బిగించాడు. తెల్లారకముందే బయల్దేరే మనిషి కనక ఆరాధనకి వేళకే చేరాడు. అవునండీ, వేళకే. నేను కోరుకున్న ఆలస్యం కూడా అవలేదు. దిగేటప్పుడు మలుపులో నట్టు ఊడి, చక్రం వంకర తిరిగి, బండి అతని మోకాలి మీద పడింది.

మర్నాడు ఆసుపత్రికి వెళ్ళాను. కాలికి కట్టు, మొహం తెల్లగా పాలిపోయింది. నన్ను చూడగానే లేవబోయాడు. ఆ కాసేపు మా మధ్య నడిచిన మాటలు ఒక్కటి కూడా నాకు చెరగలేదు.

“అన్నయ్యా, మూటలో పెద్ద స్పేనరు ఎట్టేవా?”

“ఎట్టేను. నా సేత్తోనే ఎట్టేను.”

“అయితే నేనే ఎక్కడో పడీసుంటాను. దారిలో మూట జారితే మల్లీ కట్టుకున్నాను గదా, అక్కడే ఒగ్గీసుంటాను. నా మతిమరుపు సూడు.”

“ఇప్పుడదంతా ఎందుకు. పడుకో.”

“నిన్ను అడిగినానని ఏటీ అనుకోకు అన్నయ్యా.”

అతను నాకే క్షమాపణ చెప్పాడు. నేను పుచ్చుకున్నాను.

తర్వాతి వారం చర్చి కుర్రాళ్ళు స్పానరు వెతకడానికి ఆ దారంట వెళ్తుంటే నేనూ వెళ్ళాను. వెళ్ళకపోతే ఏమనుకుంటారోనని. కర్రతో పొదలు తడుముతూ, వంగి చూస్తూ, అది మా ఇంట్లో ఉందని తెలిసీ వాళ్ళతో సమానంగా వెతికాను. మలుపు దగ్గర రాతి మీద నూనె మరక ఇంకా ఉంది. తిరిగొచ్చాక ఆ స్పానరుని పాత ఇనుముతో కలిపి తూకానికి వేసేశాను.

దేవదానం మోకాలు మళ్ళీ మడవలేదు. మిషను సుగుణమ్మ తొక్కింది. అతను గోడకి చేరగిలబడి కాజాలు కుట్టాడు, బొత్తాలు కుట్టాడు. ఆవిడ మంచిదే గానీ నోరు ఊరుకోదు. ఇనప ముక్క పట్టుకెళ్ళడం కూడా తెలీని మనిషిని కట్టుకున్నానని ఏళ్ళ తరబడి అంటూనే ఉంది, నేను వింటూనే ఉన్నాను. అతను తల ఊపేవాడు. అదొక్కటే నిజం అయినట్టు.

రెండు వేల సంవత్సరం దాటాక మా కుర్రాళ్ళు కొత్త బళ్ళు కొన్నారు. కొండకి ఎవరు బయల్దేరినా దేవదానం చర్చి అరుగు మీద కాలు చాపుకుని కూర్చుని తువ్వాలు పరిపించేవాడు. ఏ బండి ఇరుసుకి ఏ స్పానరో నేర్చుకున్నాడు. నాలాగ మరిసిపోకండి అనేవాడు. నా మూట కూడా అప్పటినుంచి విప్పించేవాడు. అనుమానంతో కాదు, నా మంచికి. అతని వేళ్ళు ఒక్కొక్క ఇనుమునీ ముట్టుకుంటుంటే నేను అతని మొహమే చూసేవాణ్ణి. తెలుసుకున్నాడా? తెలిసే అలా చేస్తున్నాడా? ఆ మొహంలో ఏమీ ఉండేది కాదు. ఏమీ లేకపోవడమే నన్ను భయపెట్టేది.

మొన్న సుగుణమ్మ పోయింది. సమాధి దగ్గర అందరూ మన్ను వేశాక దేవదానం నా భుజం పట్టుకున్నాడు. “నా మతిమరుపుకి ఆవిడ కాళ్ళరిగిపోయేలా మిషను తొక్కింది అన్నయ్యా. ఆకరికి కూడా అదే అని పోయింది,” అన్నాడు. అప్పుడైనా చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా. దేవుడున్నాడు అన్నాను. అంతకంటే నీచమైన మాట నా జీవితంలో అనలేదు.

అతనికి చెబుతానో లేదో తెలియదు. చెబితే అతనికి మిగిలిన ఒక్క అన్నయ్య కూడా పోతాడని సాకు చెప్పుకుంటున్నాను. సాకేనని తెలుసు. ఆవిడకి చెప్పే వేళ ఎలాగూ దాటిపోయింది. మీరు క్షమించినా నాకు పనికిరాదు, మీకు ఆ అధికారం లేదు. రాస్తుంటే మాత్రం గుండెల మీద బరువు కాస్త జరిగింది. ఆ మాత్రానికే ఈ కాగితం.

దేవదానం ఏదీ మరిచిపోలేదు. ఆ స్పానరు మూటలో పెట్టనిది నేను.