కాదనమని అడిగిన పిన్ని

పిన్ని పోయిందని నాకు చెప్పింది ఒక ఆటో డ్రైవరు. స్టేషన్ దగ్గర ఎక్కి, "సుపేలాలో టీవీ వాలీ అమ్మ దుకాణం దగ్గర దించు" అన్నాను. అతను తీసిన బండిని మళ్ళీ పక్కకు ఆపేశాడు. "ఆప్‌కో నహీ మాలూమ్, భయ్యా? అమ్మా తో సుబహ్ గుజర్ గయీ." పొద్దున్నే పోయిందట, నిద్రలోనే. తర్వాత దారి పొడుగునా తన ఇంట్లో టీవీని ఆవిడ ఎలా బతికించిందో చెప్పుకొచ్చాడు. దింపేటప్పుడు చేతులు జోడించాడు.

ఆమె నాకు సొంత పిన్ని కాదు. ఇక్కడి ఉక్కు ప్లాంటు ఉద్యోగం కోసం విజయనగరం వైపు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం వాళ్ళది, మా పక్క క్వార్టరు. బాబాయి డ్యూటీ దిగాక సుపేలా సందులో టీవీలు బాగుచేసేవాడు. పక్కన కూర్చుని పిన్ని పని నేర్చుకుంది. బాబాయి పోయాక కొట్టు తాళం ఆమే తీసింది. అప్పుడు మొదలైంది అసలు గొడవ. ఇస్త్రీపెట్టెలు, మిక్సీలు తెచ్చేవాళ్ళు గాని ఆడమనిషి చేతికి టీవీ ఇచ్చేవాళ్ళు లేరు. పెద్ద కరెంటు పని, ఆడవాళ్ళది కాదు అనేవారు. మిక్సీల మీద కొట్టు ఎన్నాళ్ళు నడుస్తుంది? ఇంకొన్నాళ్ళు చూసి మూసేద్దామనే నిర్ణయానికి పిన్ని వచ్చేసింది.

సమాధుల తోటలో ఒక పెద్దమనిషి, "పాపం, మగాడి పని చేసుకుని బతికింది" అన్నాడు. పాపమేమిటి? పనికి మీసాలుంటాయా? అక్కడే నిలదీయవలసింది. పిన్ని కూతురి ముఖం చూసి ఊరుకున్నాను. ఊరుకోవడం నా అలవాటు కాదు గనుక ఇక్కడ రాస్తున్నాను.

పిన్ని కొట్టు మూసేద్దామనుకున్నది ఈ హిందీ ప్రాంతంలో కొత్త రాష్ట్రం వచ్చిన తొలి రోజుల్లో. ఎక్కడ చూసినా కొత్తదనం మీద ఉపన్యాసాలు: పాతది పారెయ్యి, కొత్తది తెచ్చుకో. వస్తువులతో మొదలైన ఆ మాట మనుషుల దాకా రావడానికి ఎంతోసేపు పట్టదని నేను పత్రికల్లో తెగ రాసేవాణ్ణి. పిన్ని రాయలేదు. పారేసిన టీవీలు విప్పి, అందులో బతికున్న భాగాలను కొబ్బరినూనె డబ్బాల్లో దాచేది.

ఆ రోజుల్లోనే కుమ్హారి రోడ్డు మీద అటుకుల పోహా హోటల్ నడిపే ఒక దీదీ చచ్చిపోయిన టీవీని రిక్షాలో వేసుకుని కొట్టుకు వచ్చింది. క్రికెట్ ఉంటేనే ఆమె బెంచీలు నిండేవి. పోయింది ఈహెచ్‌టీ అని పిన్ని తేల్చింది. పిక్చర్ ట్యూబుకు వేల వోల్టులు పుట్టించే నల్లటి ముద్ద అది. పైనుంచి లావాటి ఎర్ర తీగ, కింద గుర్రపు నాడా ఆకారంలో పది పిన్నులు. ఆ మోడల్‌ది దొరకడం మానేసింది. మిగతా మెకానిక్‌లంతా పారెయ్యమన్నారు.

"మై కా కరవ్, దీదీ?" అంది ఆమె పిన్నితోనే. నేనేం చెయ్యను అని.

పిన్ని డబ్బాలోంచి వేరే టీవీలోంచి ఊడదీసిన ఈహెచ్‌టీ ఒకటి తీసింది. దాని మీద పేరు లేదు, నంబరు లేదు. ఏ పిన్ను ఏ పని చేస్తుందో తెలియకుండా కలిపితే పిక్చర్ ట్యూబు మాడిపోతుంది. అప్పుడు హోటలూ మునుగుతుంది, చూశారా ఆడమనిషి నిర్వాకం అని పిన్ని కొట్టూ మునుగుతుంది. ఆ సంగతి పిన్నికీ, దీదీకీ, అరుగు మీద పేపరు చదువుతున్న నాకూ తెలుసు.

పిన్ని నన్ను కేకేసింది. "ఒరే, నీకు ఎవుల్నైనా కాదనడమే కదా పని. ఇలాగొచ్చి కూకో. నాను ఏటన్నా నువ్వు కాదను."

"నాకు ఈ పని తెలీదు కదా పిన్నీ."

"తెలిస్తే ఔనంటావు. తెలీనోడివే కావాల."

అదీ ఆమె పద్ధతి. బాబాయి ఉన్నప్పుడు ఇద్దరూ అలాగే చేసేవారట. ఒకరు తేల్చాలి, ఒకరు కాదనాలి. కాదన్నవాణ్ణి ఒప్పించాకే ఆ పిన్ను మీద గోళ్ళరంగు చుక్క పడాలి.

మీటరు తీగలను రెండేసి పిన్నులకు తాకించి, ఏ పిన్నుల మధ్య మీటరు కూత వేసిందో అవన్నీ "ఒకే ఇంటోళ్ళు" అంది. కాదన్నాను. తీగ లోపల ఎలా చుట్టి ఉంటుందో చెప్పింది. ఒక చుక్క పడింది. బయటికి కనిపించే ఇనపముక్కకు నాలుగు చుట్లు తీగ చుట్టి, తన చేతి సర్క్యూటు నుంచి కొద్దిపాటి కరెంటు ఇచ్చి, ఏ పిన్ను దగ్గర ఎంత వస్తుందో చూసింది. మళ్ళీ కాదన్నాను. మళ్ళీ చుక్క. ఒక పిన్ను మాత్రం దేనితోనూ కూత వెయ్యలేదు.

"ఇది చచ్చింది. దీన్ని వదిలెయ్" అన్నాను.

"మీటరుకు పలకనేదని సచ్చిపోనాదంటావేటి? ట్యూబుకెల్లిన కరెంటంతా దీన్లోంచే తిరిగొస్తాదిరా." దానికి ఎర్రచుక్క పెట్టింది.

చివరికి బల్ల మీద సుద్దతో గీసుకున్న బొమ్మ చూస్తూ, "ఎడమేపుది ట్యూబు లోపల దీపం ఎలిగించేది" అంది. అప్పటికి నాకు వాదనలు అయిపోయాయి. ఏదో ఒకటి అనాలి కదా అని ఆ ముద్దను టీవీలో ఎలా నిలబడుతుందో అలా నిలబెట్టి, "కాదు, ఇప్పుడది కుడివైపుంది" అన్నాను.

పిన్ని చేతిలో సుద్ద ఆగిపోయింది. పిన్నులను కింది నుంచి చూసి గీసింది. టీవీ బోర్డునేమో పై నుంచి చూసి గీసింది. రెండు బొమ్మలూ కలిపితే కుడి ఎడమలు తారుమారు.

"తిరగేసి లెక్కెట్టీసినాను రోయ్," అంది. భయపడుతుందనుకున్నాను, నవ్వింది. సుద్దబొమ్మ కొంగుతో తుడిచేసి మొదటి నుంచి మొదలుపెట్టింది.

స్విచ్ వేసేముందు కళ్ళు మూసుకుంది. ప్రార్థనల మీద కూడా నేను ఆమెతో వాదించేవాణ్ణి లెండి. "కరెంటు సాకు కొట్టొద్దని అడగన్రా. తొందరెట్టొద్దని అడుగుతాను" అంది. తెర మీద ముందు బూడిదరంగు, తర్వాత పచ్చటి మైదానం. హోటల్ దీదీ తన చీర చెంగుతో ఆ తెరను తుడిచింది, ముఖం తుడిచినట్టు.

ఆ తర్వాత సందులోకి టీవీలు వచ్చాయి. ఊరి బయటి నందిని గనుల కాలనీ నుంచి కూడా వచ్చాయి. వచ్చిన ప్రతివాడికీ పిన్ని తన తప్పు కథే ముందు చెప్పేది. "నాను తిరగేసి లెక్కెట్టినాను, ఈడు కాదన్నాడు." దాచుకోవచ్చు కదా అంటే, "దాస్తే రేపు నన్నెవులు కాదంటారు?" అంది. నేను సభల్లో గెలవడానికి వాదిస్తాను, ఇప్పటికీ. ఆమె మాత్రం ట్యూబు మాడకుండా ఉండడానికి వాదన అడిగింది. రెండోదే పెద్ద పని అని ఎవరైనా అంటే నేను కాదనను.

ప్రార్థనల దినాలు ముగిశాక కొట్టుకు వెళ్ళాను. మూసి ఉంటుందనుకున్నాను. షట్టరు సగం లేచి ఉంది. పిన్ని కూతురు నేల మీద ఒక నల్లటి ఈహెచ్‌టీని వెల్లకిలా పెట్టుకుని కూర్చుంది. ఇక్కడే పుట్టిన పిల్ల, తెలుగు కన్నా హిందీయే చురుగ్గా వస్తుంది. నన్ను చూసి పీట జరిపింది.

"బైఠియే అన్నయ్యా. యే పిన్ను ఒంటరిది, దేంతోనూ కూత లేదు. ఎర్రచుక్క ఇదే కదా?"

నేను పీట మీద కూర్చున్నాను.

"కాదు" అన్నాను.

గోళ్ళరంగు కుంచెను గాలిలోనే ఆపి, ఆ పిల్ల మీటరు అందుకుంది.