నాలుగు నిమిషాల రెండు సెకన్లు

1996 జూన్‌లో నన్ను గుంటూరు డెస్కు నుంచి తెనాలి కార్యాలయానికి మార్చారు. హోదా సీనియర్ సబ్ ఎడిటర్. బాపట్ల, రేపల్లె, వేమూరు, చేబ్రోలు విలేకరులు బస్సుల్లో పంపే కవర్లు విప్పడం, కాలవ నీళ్ల తగాదాలూ సన్మాన సభలూ దిద్దడం, సాయంత్రం ఆరు లోపల గుంటూరుకు పంపడం నా పని. అప్పటికి ఇరవై రెండేళ్లుగా అదే పని చేస్తున్నాను. ఏ కవర్లో ఏముంటుందో విప్పకుండానే చెప్పగలిగేంత విసుగు వచ్చేసింది.

గోరుచుట్టు మీద రోకటిపోటులా శుక్రవారం పేజీ కూడా నాకే తగిలింది. కుర్రకారు పేపరు చదవడం మానేస్తున్నారని యాజమాన్యానికి బెంగ పట్టుకుని, కొత్తగా విడుదలైన పాప్, రాక్ పాటల మీదా, కేబుల్ టీవీలో వచ్చే మ్యూజిక్ వీడియోల మీదా వారం వారం అభిప్రాయాలు వేయాలని నిర్ణయించింది. మా ఇన్‌ఛార్జి శేషగిరిరావు గారు కార్యాలయమంతా ఓసారి కలియజూసి, బాపట్ల వ్యవసాయ కళాశాల హాస్టల్లో నేను రేడియోలో ఇంగ్లీషు పాటలు వినేవాణ్ణని ఎప్పుడో నోరు జారిన సంగతి గుర్తు చేశారు. అక్కడితో ఎంపిక పూర్తయింది.

పద్ధతి ఇదీ. తెనాలి క్యాసెట్ల డీలరు గురువారం పొద్దున నాలుగైదు క్యాసెట్లు పంపేవాడు. కార్యాలయం టేప్‌రికార్డరులో వాటిని వినాలి. ప్రతి సమీక్ష కిందా పాట నిడివి వేయాలి. అట్ట మీద అచ్చేసింది నమ్మకూడదు, వాచీ పెట్టి చూసుకోవాలని శేషగిరిరావు గారి నియమం. వీడియోలకు ఇంత పట్టింపు లేదు, టీవీ ముందు కూర్చుంటే చాలు. జుట్టు విరబోసుకున్న ఒకాయన గిటారును నేలకేసి బద్దలు కొట్టిన వీడియో గురించి, గిటారు ఆయనదే కాబట్టి మనకేం నష్టం లేదని రాశాను. ఆ వాక్యానికి ఉత్తరాలు వచ్చాయి. నేనూ కాస్త ముదిరాను.

ఆ ఏడాది అక్టోబరులో ఒక తెలుగు పాప్ క్యాసెట్ వచ్చింది. రెండే పాటలు, ఒక్కో వైపు ఒకటి. గాయని పేరు కృపావతి, ఊరు బాపట్ల. అక్కడి లూథరన్ చర్చి గాయకబృందంలో పాడుతుందనీ, ప్రాథమిక పాఠశాలలో టీచరనీ, పాతికేళ్లుంటాయనీ డీలరు చెప్పాడు. మొదటి వైపు విన్నాను. పాట ఈడ్చుకుంటూ నడిచింది. గొంతు ఇరవై అయిదేళ్ల అమ్మాయిదిలా లేదు, జలుబు చేసిన పెద్దావిడ గొంతులా బరువుగా ఉంది. అట్ట మీద నిడివి నాలుగు నిమిషాల రెండు సెకన్లని ఉంటే, నా వాచీలో నాలుగు నిమిషాల ఇరవై సెకన్లు వచ్చింది. నేను రాసిన ముక్కలు ఇప్పటికీ గుర్తున్నాయి. 'గొంతులో హుషారు లేదు, లయలో ప్రాణం లేదు. అట్ట మీద నాలుగు నిమిషాల రెండు సెకన్లే అంటున్నారు గానీ పాట నాలుగు నిమిషాల ఇరవై సెకన్లు సాగింది, వినేవాడికి నలభై నిమిషాలనిపించింది.' శేషగిరిరావు గారు చదివి నవ్వారు. శుక్రవారం అచ్చయింది.

మంగళవారం ఆ అమ్మాయే కార్యాలయానికి వచ్చింది. బాపట్ల నుంచి ప్యాసింజరులో వచ్చానని చెప్పింది. చేతిసంచిలో చిన్న టేప్‌రికార్డరు, అదే క్యాసెట్ ఇంకొకటి ఉన్నాయి. పోట్లాటకు వచ్చిందనుకుని నేను కుర్చీలో సర్దుకున్నాను.

"తిట్టారని రాలేదు సార్. పాట బాగోలేదంటే బాగోలేదండి. కానీ నా గొంతు అలా ఉండదండి. మీ మిషను ఒక్కసారి చూడనిస్తారా?" అంది.

రెండు క్యాసెట్లను రెండు టేప్‌రికార్డర్లలో ఒకేసారి నొక్కాం. మొదటి చరణానికే మాది వెనకబడింది. తను తెచ్చిన దాంట్లో పాట ఆగిపోయాక మాది ఇంకా పద్దెనిమిది సెకన్లు పాడింది. ఆమె టేప్‌రికార్డరులో విన్నది వేరే పాట. చురుగ్గా, తేలిగ్గా, ఎక్కడా ఆయాసపడకుండా ఉంది. నాకు నచ్చింది. అది నచ్చడమే ఆ రోజు నాకు అన్నిటికంటే కష్టంగా అనిపించింది.

మధ్యాహ్నం మెకానిక్ వచ్చి మూత విప్పాడు. లోపలి రబ్బరు బెల్టు నూనె పట్టి సాగిపోయిందనీ, మోటారు తిరిగినా చక్రం పూర్తి వేగం అందుకోవడం లేదనీ చెప్పాడు. పాత ఫైలు తీసి చూసుకున్నాను. రెండు నెలలుగా నా సమీక్షల్లో 'నింపాది', 'నీరసం', 'బరువు' తప్ప వేరే మాట లేదు. ఈ కాలపు సంగీతం డీలాపడిందని నేను తీర్పులు చెబుతున్నాను. నేనే డీలాపడి ఉన్నాను కాబట్టి అనుమానం రాలేదు.

మిగతా పాటలవాళ్లకు నా రాతతో పట్టింపు లేదు. ఈమెకు ఉంది. మద్రాసు క్యాసెట్ కంపెనీ రెండో పాటకు వీడియో తీయాలా వద్దా అన్నది వచ్చే సోమవారం తేల్చబోతోంది. తెనాలి, బాపట్ల, రేపల్లె దుకాణాల్లో మొదటి పాటకు వచ్చిన స్పందనే అందుకు ఆధారం. మా డీలరు నా సమీక్షను కత్తిరించి అప్పుడే మద్రాసుకు పంపేశాడు. రేపల్లె దుకాణం వాళ్లు పేపర్లో అలా రాశారటగా అని క్యాసెట్ల పెట్టె విప్పకుండానే తిప్పి పంపారు. ఆ అమ్మాయి ఇదంతా గొంతు పెంచకుండా చెప్పింది. శుక్రవారం సవరణ పడితే దాన్ని తీసుకుని మద్రాసు వెళ్తానంది. వేయిస్తానని మాటిచ్చాను.

పత్రికలో సవరణకు ఒక పద్ధతి ఉంటుంది. పేరో, తేదీయో, అంకెయో తప్పు పడితే సబ్ ఎడిటర్ కాగితం పెడతాడు, ఇన్‌ఛార్జి సంతకం చేస్తాడు, రెండు వరుసలు మించకుండా వేస్తారు. నేను పదిహేను వరుసలు రాసి తీసుకెళ్లాను. టేప్‌రికార్డరు సంగతీ, పాట నిజంగా ఎలా ఉందన్నదీ అన్నీ రాశాను.

శేషగిరిరావు గారు చెడ్డవారు కారు. రెండుసార్లు చదివారు. "ఏంటండీ ఇది? మన మిషను బాగోలేదని మనమే అచ్చేసుకుంటామా? ఆడలేక మద్దెల ఓడు అంటారండి జనం," అన్నారు. మద్దెల నిజంగానే ఓడండి అన్నాను. "ఉండొచ్చు. కానీ అభిప్రాయానికి సవరణ ఉండదు. ఒకే పాటకి రెండు వారాల్లో రెండు మాటలంటే ఇంకెవరు నమ్ముతారు? అంకె ఒక్కటే తప్పు. అది దిద్దండి," అని మిగతాదంతా ఎర్ర సిరాతో కొట్టేశారు.

శుక్రవారం పడింది ఇంతే: 'గత వారం ఈ పేజీలో ఒక పాట నిడివి నాలుగు నిమిషాల ఇరవై సెకన్లని పడింది. నాలుగు నిమిషాల రెండు సెకన్లని చదువుకోగలరు.'

ఆ మద్రాసు కంపెనీకి నేనే ఒక ఉత్తరం రాసి ఉండొచ్చు. తెల్లకాగితం మీద, నా పేరుతో, జరిగింది జరిగినట్టు రాయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. సంస్థకు తెలిస్తే ఏమంటారోనన్న పిరికితనం కొంత, ఇంకో కాగితం రాయాలా అన్న బద్ధకం కొంత, రాయలేదు. శనివారం గడిచింది. ఆదివారం నాకు సెలవు.

వీడియో తీయలేదు. రెండో పాట ఎలా ఉందో నేనెప్పుడూ వినలేదు. పది రోజుల తర్వాత బాపట్ల నుంచి ఒక పోస్టుకార్డు వచ్చింది. గుండ్రటి టీచరు దస్తూరి. 'సవరణ చూశామండి. నిడివి సరిగానే పడింది. కృతజ్ఞతలు.' వెక్కిరింతేమోనని తిప్పి తిప్పి చూశాను. కాదు. మర్యాదగానే రాసింది.

ఆ తర్వాత నాలుగేళ్లు ఆ పేజీ చూశాను. నిడివి తెలిసిన క్యాసెట్ ఒకటి వాచీ పెట్టి నడిపి చూడందే కొత్తదాన్ని వినలేదు. యంత్రాన్ని ముందు పరీక్షించాలన్నది ఆ వారమే నేర్చుకున్నాను. తప్పు మాట రాశామని తెలిస్తే పత్రిక ఒప్పుకోకపోయినా ఆ మాట వల్ల నష్టపోయే మనిషి కోసం సొంతంగా చెప్పాలన్నది నేర్చుకోవడానికి ఇంకో ఏడాది పట్టింది. అప్పుడు ఉత్తరం రాశాను. చిరునామాలో ఆ కంపెనీ లేదని తిరిగొచ్చింది.