ఏఐ మీద మా గల్లీ దరఖాస్తు

కరీంనగర్‌లో మా గల్లీకి రోజు విడిచి రోజు నల్లా వస్తుంది. ఆ పొద్దున మా ఇంట్లో మొదటి పని నీళ్ళు పట్టడం కాదు, పారబోయడం. మా అవ్వ దృష్టిలో మొన్నటి నీళ్ళు పాచి నీళ్ళు. మూత పెట్టి ఉన్నా, తేటగా ఉన్నా సరే, కొత్త నీళ్ళ చప్పుడు వినగానే నాలుగు బిందెలూ రెండు బకెట్లూ తెచ్చి వాకిట్లో గుమ్మరించేస్తుంది. ఆమె ఒక్కతే కాదు, గల్లీలో పదకొండు ఇళ్ళుంటే పది ఇళ్ళ ముందూ ఇదే తంతు. నల్లా రోజున చెప్పులు తడవకుండా నేను పాఠాలు చెప్పడానికి బడికి వెళ్ళిన గుర్తు లేదు.

పదకొండో ఇంటి వాకిలి మాత్రం పొడిగా ఉండేది. ఆ ఇంట్లో ఉండే అక్క బీడీలు చేస్తుంది. తునికాకును తడిపితే గాని కత్తిరించడం కుదరదు, చిట్లిపోతుంది. తడపడానికి ఆమె నల్లాలో చుక్క రాదు. అందుకని నల్లా రోజున రెండు బిందెలు పట్టుకుని గల్లీ చివర నుంచి మొదట్లో ఉన్న మా ఇంటికి వచ్చేది. నేను రెండూ నింపి, ఒకటి ఆమె నెత్తికెత్తి, రెండోది చంకకు అందించేదాన్ని. "టీచరమ్మది పెద్ద మనసు" అని ఇరుగుపొరుగు అనేవారు. అబ్బే అదేం లేదన్నట్టు తల ఊపుతూనే, ఇంకోసారి అంటారేమో అని కాసేపు గడపలోనే నిలబడేదాన్ని.

ఇక్కడ నా బండారం కూడా చెప్పుకోవాలి. మా ఇల్లు కాస్త మెరక మీద ఉంది. నల్లా పైపుకు మా ఆయన ఒక మోటరు బిగించాడు. మీట నొక్కితే మా ట్యాంకు నిండేది. మోటరు కనబడకుండా గోనెసంచి కప్పి, సంచి మీద చీపురు పెట్టేవాళ్ళం. చివరిల్లు తప్ప మిగతా తొమ్మిది ఇళ్ళలోనూ మోటర్లున్నాయి, ఎవరి సంచి వాళ్ళది. చుట్టాలెవరైనా ఆ చప్పుడేమిటని అడిగితే మిక్సీ అనేవాళ్ళం. పొద్దున్నే పది ఇళ్ళలో ఒకేసారి గంటసేపు పచ్చడి నూరే గల్లీ మాది.

పోయిన ఎండాకాలం చివరింటి అక్క బిందెలు దించి, ఎప్పటిలా కొంగుతో చెమట తుడుచుకుంటూ నాతో ఒక మాట చెప్పింది.

"చెల్లే, రెండు బిందెలు ఆకుకు సాల్తె తాగనీకి సాల్తలెవ్వు. ఈ నెల గూడ నల్ల రాకుంటె ఇల్లు ఖాళీ జేసి మంథని దిక్కు మా తమ్ముని ఇంటికి పోత. ఆడ బీడీల పని లేదు, కూలికి పోవాలె. ఏం జేస్తం మరి."

నాకు నిజంగానే బాధేసింది. ఆ బాధలో మూడో బిందె నింపుతానన్నాను గాని, గోనెసంచి వైపు మాత్రం చూడలేదు.

సంగతి మా ఎదురింటి కాక చెవిన పడింది. కాక మందమర్రి బొగ్గుబాయిలో పనిచేసి రిటైరై వచ్చిన మనిషి. గల్లీలో ఏ సమస్యకైనా ఆయనే పెద్ద. ఆ వారంలోనే ఆయన ఫోనులో ఏవో వీడియోలు చూశాడు. ఏఐని ఏదైనా అడిగితే ఆ యంత్రాలు వేడెక్కుతాయట, చల్లబరచడానికి నీళ్ళు కావాలట. ఒక వీడియోలో ప్రశ్నకు సీసాడు నీళ్ళన్నారు, ఇంకోదానిలో నాలుగైదు చుక్కలన్నారు. మా గల్లీ మొత్తం సీసాకే ఓటేసింది.

సాయంత్రం కాక అరుగు మీద అందరం కూర్చున్నాం. "నల్ల ఎందుకు వస్తలేదో ఎర్కైంది" అని మొదలుపెట్టాడు కాక. "మేం బాయిల నీళ్ళు బయటికి తోడితిమి. గిదేమో నీళ్ళు లోపటికి గుంజుకునే మిషిని. మన అక్క ఇంటికి రావాల్సిన నీళ్ళు గా ఏఐ తాగుతుంది."

ఒక్కరూ కాదనలేదు. ఊరి పక్కన మానేరు డ్యాం కనబడుతూనే ఉంది, అందులో ఏ కంప్యూటరూ మూతి పెట్టినట్టు ఎవరూ చూడలేదు. అయినా దొంగ దొరికాడన్న తృప్తి అందరి ముఖాల్లో కనబడింది. ముఖ్యంగా ఆ దొంగ మన గల్లీవాడు కాదు. నేనూ గట్టిగానే తల ఊపాను.

మా అవ్వ మర్నాడు పొద్దున నిండు బిందె వాకిట్లో వంపుతూ నన్ను తగులుకుంది. "నువ్వు బడి పని గా ఫోన్ల రాపిచ్చుడు బందువెట్టు బిడ్డా. ఏడనో ఎవలకో గొంతెండుతది." నేను ప్రశ్నపత్రాలూ, పిల్లల ప్రోగ్రెస్ కార్డుల్లో రాసే నాలుగు మంచి మాటలూ ఏఐతోనే రాయిస్తానని ఆమెకు తెలుసు. అవ్వ గుమ్మరించిన నీళ్ళు నా కాళ్ళ మీదుగా రోడ్డెక్కాయి.

మున్సిపాలిటీకి దరఖాస్తు ఇవ్వాలని కాక తీర్మానించాడు. ఆయన పద్ధతి బాయి రోజుల నాటిది. ముందు తెల్ల కాగితం మీద సంతకాలు తీసుకుంటాడు, విషయం తర్వాత రాయిస్తాడు. విషయం ముందు చెబితే జనం ఆలోచనలో పడతారని ఆయన అనుభవం. పదకొండు ఇళ్ళ సంతకాలూ ఒక్క పూటలో వచ్చాయి. రాసే పని టీచరమ్మ మీద పడింది.

బడిలో పరీక్షల రోజులు, నాకు క్షణం తీరిక లేదు. ఏం చేస్తాను, ఏఐ మీద ఫిర్యాదు రాయమని ఏఐనే అడిగాను. దానికి గల్లీ సంగతి మొత్తం చెప్పాను. ఇళ్ళెన్ని, ఎవరిది మెరక, ఎవరిది పల్లం, చివరింటి అక్క ఇల్లు ఖాళీ చేస్తానన్న మాట, ఆఖరికి మోటర్ల సంగతి, గోనెసంచుల సంగతి కూడా. డాక్టరు దగ్గర దాచనట్టే దాని దగ్గరా దాచలేదు. అది వెళ్ళి కాకతో చెప్పదు కదా. చివరి ఇంటికి నీళ్ళొచ్చేలా గట్టిగా రాయమన్నాను. నిమిషంలో పేజీన్నర రాసిచ్చింది. పైన ‘విషయం: ఏఐ నీటి వినియోగం, చివరి ఇంటికి నీరు అందకపోవడం గురించి’ అని చూసి ప్రింటు తీశాను. చదవకుండా సంతకం పెట్టొద్దని ఏటా పిల్లలకు చెప్పే మనిషిని నేను. కాక కూడా ఆ విషయం పంక్తే చదివి, సంతకాల కాగితం జోడించి ఆఫీసులో ఇచ్చి వచ్చాడు.

పది రోజులకు, సరిగ్గా నల్లా వచ్చే వేళకు ముగ్గురు మున్సిపాలిటీ మనుషులు వచ్చారు. ఒకాయన చేతిలో మా దరఖాస్తు, మిగతా ఇద్దరి చేతుల్లో పానాలు. మొదటి ఇల్లు మాదే. ఒకతను నేరుగా వెళ్ళి చీపురు పక్కన పెట్టి, సంచి తీశాడు.

"గిదేంది, ఎవలు చెప్పిన్రు మీకు?" అని కాక అడ్డం వచ్చాడు.

"మీరే రాసిన్రు గదా పెద్దమనిషీ. మోటర్లు తీసెయ్యమని మీ గల్లీల అందరు సంతకాలు వెట్టిన్రు. మొదటి సంతకం మీదే" అని కాగితం చూపించాడు అతను.

కాక కళ్ళజోడు పెట్టుకుని మొదటిసారి దరఖాస్తు చదివాడు. నేను ఆయన భుజం మీదుగా చదివాను. ఏఐ కేంద్రాలకు నీళ్ళు ఖర్చయ్యే మాట నిజమేనని, అది అడగదగిన ప్రశ్నేనని రెండు వాక్యాలు ఉన్నాయి. ఆ తర్వాత, ఈ గల్లీలో చివరి ఇంటికి నీరు అందకపోవడానికి ముందున్న పది ఇళ్ళ మోటర్లే కారణమని, వాటిని తొలగించి ఆదుకోవాలని మా అందరి తరఫున వినయంగా వేడుకుంది. గోనెసంచుల కింద వెతకాలని కూడా రాసింది.

కాక నా వైపు తిరిగాడు. "నేను కాదు కాక, అది రాసింది" అన్నాను నీళ్ళు నములుతూ.

"అది నీళ్ళు తాగితె తాగింది గని బిడ్డా, మన లెక్క సంచి కప్పుడు రాదు దానికి" అని కాక తన ఇంటి మోటరు చూపించడానికి తనే ముందు నడిచాడు.

ఆ పొద్దున పది మిక్సీలూ ఆగిపోయాయి. మెరక మీదున్న మా నల్లాలో దారంలా సన్నటి ధార. అరగంటకు ఒక్క బిందె నిండింది. పారబోయడానికి పాత నీళ్ళు ఎత్తిన అవ్వ, ఆ ధార వంక చూసి, బిందె మళ్ళీ దించి మూత పెట్టింది. ఆ ఒక్కరోజే పాచి నీళ్ళు మంచినీళ్ళయ్యాయి.

అప్పుడు చివరింటి అక్క వచ్చింది. ఎప్పటిలాగే నెత్తిన ఒక బిందె, చంకన ఒకటి. కాని అవి నిండుగా ఉన్నాయి. ఆమె రైక భుజం దాకా తడిసి ఉంది. నేరుగా మా ఇంట్లోకి వచ్చి రెండూ మా గోలెంలో పోసింది.

"ఇవ్వాళ నల్ల మస్తు వచ్చింది చెల్లే. తమ్మునికి ఫోన్ జేసిన, ఇగ రానని చెప్పిన. నీకు తక్కువ వడ్తయని గివి తెచ్చిన."

నాకు సిగ్గేసింది. "మా మోటరు సంగతి నీకు ముందే తెలుసా అక్కా?" అని అడిగాను.

"తెల్వకేంది. నల్ల మూతికి చెయ్యి అడ్డం వెడితె లోపటికి గుంజేది. మీరు ధర్మపురి జాతరకు పోయిన్నాడు గుంజుడు తగ్గి జరంత ధార కారింది. నువ్వు ఏన్నాడు ఊరికి పోతవా అని సూసేదాన్ని."

"మరి ఒక్కనాడూ అడగలేదేం?"

అక్క ఖాళీ బిందెలు బోర్లించి నీళ్ళు విదిల్చింది.

"అడిగితె ఆ రెండు బిందెలు గూడ బందు వెడ్తవేమోనని" అంది.