గట్టు తీసేసిన స్నానాలగది

టైల్స్ మేస్త్రీని వీధిలో అందరూ రసమట్టం అనే పిలిచేవారు. గాలిబుడగతో మట్టం చూపే ఆ బద్ద చేతిలో లేకుండా అతను ఇల్లు కదిలేవాడు కాదు. అతను పరిచిన నేల మీద నీళ్ళు నిలవవని పేరు. ఊరందరి స్నానాలగదుల్లో వంగి వంగి నడుం పోయింది గానీ, తన ఇంటి గదికి దక్కినవి పెద్దిళ్ళలో మిగిలిన ముక్కలే. నీళ్ళు బయటికి రాకుండా గుమ్మంలో తనే జానెడు గట్టు కట్టాడు. ఆ గట్టు తట్టుకునే పెళ్ళాం పడింది. తుంటి ఎముక విరిగింది.

అప్పట్నుంచి ఆమె చక్రాల కుర్చీలోనే ఉంది. స్నానానికి మొగుడూ తమ్ముడూ చెరోవైపు పట్టి గట్టు దాటించాలి. వాళ్ళు మొహాలు పక్కకి తిప్పుకునేవారు. ఆమె కళ్ళు మూసుకునేది. చివరికి తెగేసి చెప్పింది.

"నా అంతట నేను లోపలికెళ్ళి గడియ పెట్టుకున్న రోజే నాకు స్నానం. అప్పటిదాకా తడిగుడ్డ చాలు."

మేస్త్రీ గట్టు పగలగొట్టాడు. పగలగొట్టాక గుండెల్లో రాయి పడింది. ఇక నీళ్ళని ఆపేదేమిటి? గోడలకీ నేలకీ చెమ్మ దిగకుండా పూత మీద పూత పూశాడు. మూలన నీళ్ళు పోయే జాలీ వైపు సిమెంటుతో వాలు తీశాడు. అన్నం ముందు నుంచి లేచి వెళ్ళి చూసి, ఇంకాస్త పెంచాడు. మర్నాడు మరికాస్త పెంచాడు. పైన గరుకు టైల్స్ పరిచాడు.

బావమరిది బకెట్ కుమ్మరించాడు. "బావా, ఈ నీళ్ళకి ఏం మందు పెట్టావ్? జాలీ ఎక్కడని అడక్కుండానే పరిగెడుతున్నాయి!"

మేస్త్రీకి ఊపిరి తిరిగింది. "రావే, చూసుకో," అన్నాడు.

ఆమె చక్రాలు తిప్పుకుంటూ వచ్చింది. గుమ్మం దాటగానే కుర్చీ ఆమె మాట వినడం మానేసింది. బ్రేకు అందుకునేలోపే జాలీ మూలకి దొర్లి, గోడకి ఠపీమని కొట్టుకుంది.

"అక్కా!"

"బతికే ఉన్నాలేరా." ఆమె మొగుడి వైపు తిరిగింది. "ఏమయ్యా, ఈ గది నాకు కట్టావా, నీళ్ళకి కట్టావా?"

ఇన్నేళ్ళలో నేల మీద అతను చూసింది నీళ్ళనే. ఆ నేల మీద ఎవరు కూర్చుంటారో ఎప్పుడూ చూడలేదు.

"గుడ్లప్పగించి చూస్తావేం? పగలగొట్టు. ఈసారి నేనిక్కడే కూర్చుంటా."

"అయిపోయావ్ బావా, నీకూ ఓ మేస్త్రీ దొరికింది," అన్నాడు బావమరిది.

తమ్ముడు గుమ్మం దగ్గర స్టూలు మీద దింపితే, అక్కడే కూర్చుని ఆమె ఖాళీ కుర్చీని సిమెంటు మీదికి తోసి చూసేది. "దొర్లుతోంది. తగ్గించు." అతను తగ్గించేవాడు. "ఇంకా." తగ్గించిన ప్రతిసారీ అతని ప్రాణం ఉసూరుమనేది. కుర్చీ ఉండే చోటు ఇంచుమించు సమంగా వచ్చింది. వాలంతా అవతలి గోడ వారకి పోయింది. మేస్త్రీ రసమట్టం బయటికే తియ్యలేదు.

మళ్ళీ పరిచిన టైల్స్ గట్టిపడ్డాక ఆమె లోపలికి వెళ్ళింది. తలుపు మూసుకుంది. గడియ పడింది.

మేస్త్రీ బయటే నిలబడ్డాడు. షవర్ చప్పుడు మొదలైంది.

"ఏమే, కుర్చీ కదుల్తోందా?"

"అవతలికి పో! స్నానం చేస్తున్నా."

అతను పోలేదు. తలుపు కింద నుంచి సన్నటి నీటిపాయ వచ్చి బొటనవేలికి తగిలింది. భుజం మీది తుండు తీసి అక్కడ పరిచి, గొంతుక్కూర్చుని, చక్రాల చప్పుడు వినపడుతుందేమోనని చెవి తలుపుకి ఆనించాడు.