కారుకు ఊపిరి పోయబోయి

మా ఆవిడ మొగుడంపల్లి వైపు ఒక సర్కారు బడిలో టీచరు. జహీరాబాద్ నుంచి రోజూ తనే కారు నడుపుకుంటూ పోయి వస్తుంది. కారంటే పెద్దగా ఊహించుకోకండి. పాత పెట్రోలు బండి, చిన్నది. ఏసీ వేసి నలుగురం ఎక్కితే కొంచెం ఎత్తు కనబడగానే మూలగడం మొదలుపెడుతుంది. నేను ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో ఇంజిన్లు పరీక్షించే చోట పనిచేస్తాను. పొద్దంతా బలమైన ఇంజిన్ల మధ్య ఉండి ఇంటికొచ్చి ఆ మూలుగు వింటే నాకు చిరాకు పుట్టేది.

చిరాకు భయమైంది చెరుకు నరికే రోజుల్లో. ఒకనాడు అన్నం వడ్డిస్తూ మా ఆవిడ మామూలు ముచ్చటలా చెప్పింది. చెరుకు ట్రాలీని దాటబోతే సగంలో కారు ముందుకు పోలేదట. ఎదురుగా బస్సు వచ్చిందట. బస్సు డ్రైవరే రోడ్డు దిగి తప్పించాడట. "మంచోడు పాపం," అని, పప్పు వెయ్యాలా అని అడిగింది. వద్దని చెయ్యి అడ్డం పెట్టాను. ఆ రాత్రి నేనేమీ మాట్లాడలేదు, తనూ ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

కొత్త కారు కొనే స్తోమత లేదు. ఉన్నదానికే బలం తేవాలి. ఇంజిన్‌కు గాలి ఎక్కువ అందిస్తే బలం పెరుగుతుందన్నది నాకు పనిలో రోజూ కళ్లముందు కనబడే సంగతి. ఎగ్జాస్టు పొగ వేగంతో తిరిగి గాలి ఊదేది టర్బో. ఇంజిన్ బెల్టుతో తిరిగి ఊదేది సూపర్‌ఛార్జరు. తక్కువలో అయ్యేది ఏదా అని ఫోన్‌లో వీడియోలు చూడటం మొదలుపెట్టాను. అదే నేను చేసిన మొదటి పొరపాటు. ఒకాయన బెల్టుదే మేలంటాడు, ఇంకొకాయన దాని జోలికే పోవద్దంటాడు. మూడో ఆయన నవ్వుతూ ఏదో బిగిస్తాడు, ఏం బిగించాడో చెప్పడు. ఒకరు ఇది చట్టానికి విరుద్ధం, ఇన్సూరెన్సు చెల్లదు అంటే, కింద ఇంకొకరు "నాకు బాగానే నడుస్తోంది బ్రో" అని రాశారు. వారం చూసేసరికి నాకు తెలిసినది కూడా తెలియకుండా పోయింది.

నా చిన్ననాటి దోస్తు ఒకతనికి బైపాస్ పక్కన షెడ్డు ఉంది. లారీలు, ట్రాక్టర్లు తప్ప ఇంకో బండి ముట్టడు. నా తికమకంతా అతని ముందు కుమ్మరించాను. అతను చాయ్ సాసర్‌లో పోసుకుని నిదానంగా తాగి తేల్చేశాడు.

"డీజిల్ అయితేంది భాయ్, పెట్రోల్ అయితేంది? ఇంజన్ ఇంజనే గదా. గాలి పెడితే గుంజుతది."

"పెట్రోల్ బండ్లు నువ్వు చెయ్యవు గదా భాయ్?"

"చెయ్య. రాక గాదు, చిన్నగుంటయని చెయ్య. నువ్వు ఫికర్ చెయ్యకు."

నేను నమ్మాను. ఎందుకు నమ్మానంటే అతను చెప్పింది నాకు అర్థమైంది కాబట్టి. వారం రోజుల్లో అర్థమైన మొదటి మాట అదే.

మేం తెప్పించిన సూపర్‌ఛార్జరు, జపాన్‌లో ఏదో బుల్లి కారు నుంచి ఊడదీసింది, గోనెసంచిలో కట్టి పార్శిల్‌లో వచ్చింది. చేత్తో తిప్పితే తిరిగింది, అదే మాకు గొప్ప సంతోషం. బానెట్ ఎత్తి చూస్తే దాన్ని పెట్టడానికి చోటు లేదు. దోస్తు అటు నుంచి చూశాడు, ఇటు నుంచి చూశాడు, చివరికి ఏసీ కంప్రెసర్ మీద చెయ్యి వేశాడు.

"ఇది తీస్తే దాని జాగల ఇది కూసుంటది. బెల్టు గూడ తయారే ఉన్నది. ఏసీ కావాల్నా, పికప్ కావాల్నా?"

కంప్రెసర్ తీసేశాం. విరిగిన ట్రాలీ ఇనుప యాంగిల్ ముక్క కోసి బిగింపు తయారుచేశాం. అన్ని రోజులూ మా ఆవిడ బస్సులో బడికి పోయింది. అడిగితే సర్వీసింగ్ అన్నాను. "గిన్ని దినాలా?" అంది. "పార్టు దొరుకుత లేదు," అన్నాను. నిజం చెబితే వద్దంటుందని నా భయం. వద్దంటే ఎందుకో వివరించాల్సి వస్తుంది. వివరించేంత స్పష్టత నాకే లేదు.

బండి స్టార్టయింది. సన్నగా ఈల వేసినట్టు ఒక కొత్త చప్పుడు వచ్చింది. పెట్రోలు పోసే లెక్క చూసే కంప్యూటర్ పెట్టెను ఏమైనా చెయ్యాలా అని అడిగాను. "అది దాని పని అదే చూసుకుంటది," అన్నాడు దోస్తు. తర్వాత తన పద్ధతి ప్రకారం జేబులోంచి తెల్ల దస్తీ తీసి సైలెన్సర్‌కు అడ్డం పట్టాడు, నన్ను యాక్సిలరేటర్ తొక్కమన్నాడు. మా దగ్గర డీజిల్ మనుషులందరిదీ ఇదే పరీక్ష. దస్తీ నల్లబడితే ఇంజిన్‌కు గాలి చాలడం లేదని అర్థం, తెల్లగా ఉంటే అంతా బాగున్నట్టే. నేను గట్టిగా తొక్కాను. దస్తీ తెల్లగా మెరిసిపోతోంది.

"చూడు భాయ్, నమాజ్‌కు పోయేటప్పుడు జేబుల పెట్టుకోవచ్చు," అన్నాడు. ఇద్దరం కౌగిలించుకున్నంత పని చేశాం.

ఆ ఆదివారం మొగుడంపల్లి రోడ్డు మీద మా ఆవిడనే నడపమన్నాను. కూర్చోగానే ఏసీ బటన్ నొక్కింది. ఎండలు ముదిరే రోజులు.

"ఏసీ ఏది?"

"తర్వాత చెప్త. ముందు బండి చూడు."

"బండి ఈల వేస్తున్నదేంది?"

"అదే చూడమంటున్న."

నిజంగానే బండి గుంజింది. నా జన్మ ధన్యమైనట్టనిపించింది. కొంత దూరం పోయాక ముందు చెరుకు ట్రాలీ కనబడింది. మా ఆవిడ మెల్లగా దాని వెనక చేరింది. "దాటు," అన్నాను. "ఎందుకు?" అంది. "దాటు, ఇప్పుడు పికప్ ఉన్నది," అన్నాను. ఎదురుగా దూరంగా లారీ కనబడుతోంది. చాలా దూరం ఉంది. తను నన్నొకసారి చూసి పక్కకు తీసి తొక్కింది.

ట్రాలీ సగానికి వచ్చాం. రేకు డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టు బానెట్ కింద చప్పుడు మొదలైంది. బండి దగ్గింది, ఊగింది, బలం మొత్తం చచ్చిపోయింది. లారీ హారన్ కొడుతూనే ఉంది. నేను రెండు చేతులతో డాష్‌బోర్డు పట్టుకున్నాను. మా ఆవిడ బ్రేకు వేసి, ట్రాలీ ముందుకు పోగానే దాని వెనక దూరింది. లారీ పక్క నుంచి పోతే అద్దాలు అదిరాయి. తను అల్లం చేను పక్కన బండి ఆపి, స్టీరింగ్ మీద చేతులు అలాగే ఉంచి కూర్చుంది.

ఫోన్ చేస్తే దోస్తు బైకు మీద వచ్చాడు. స్పార్క్ ప్లగ్ విప్పి చేతిలో పెట్టాడు. దాని మూతి సున్నం పూసినట్టు తెల్లగా కాలి ఉంది. ఇద్దరం చాలాసేపు దాన్నే చూశాం. చూస్తూ చూస్తూ ఉండగా మాకు సమజయింది. డీజిల్ ఇంజిన్‌కు గాలి ఎంత ఎక్కువైనా ఇబ్బంది లేదు. పెట్రోలు ఇంజిన్‌లో మాత్రం గాలి పెరిగితే పెట్రోలూ దానికి తగ్గట్టు పెరగాలి. లేకపోతే వేడెక్కి, పేలాల్సిన వేళ కాకుండానే లోపల పెట్రోలు పేలుతుంది. మేం గాలి పెంచాం, ఆ కంప్యూటర్ పెట్టె పాత లెక్క ప్రకారమే పెట్రోలు పోసింది. దస్తీ అంత తెల్లగా ఉందంటే పెట్రోలు చాలడం లేదేమో అని మాకు రావాల్సిన అనుమానం రాలేదు. మేం సంబరపడ్డాం.

దోస్తు తాడు తేవడానికి పోయాడు. మా ఆవిడ గట్టు మీద కూర్చుని ఉంది. నేను పక్కన నిలబడ్డాను.

"ఇదంత ఎందుకు చేసినవ్?" అంది.

"ఆ రోజు బస్సు ముచ్చట చెప్పినవ్ గదా. ట్రాలీ దాటేటప్పుడు నీకేమన్న అయితదని."

తను నన్ను వింతగా చూసింది. "నేను ఆ రోజు సంది ట్రాలీ దాటుతనే లేను. జర ముందుగాల బయలెల్లుతున్న. ట్రాలీ అడ్డమొస్తే దాని ఎనుకనే మెల్లగ పోత. నువ్వు నాకన్న ముందే ఫస్ట్ షిఫ్టుకు పోతవ్, నీకేం తెలుసు?"

"నాకెందుకు చెప్పలే?"

"నువ్వు అడిగినవా? పికప్ పికప్ అంటివి. నీకు బండి మీద మోజు పుట్టిందనుకున్న."

తను జరగకుండా చూసుకున్న ప్రమాదాన్ని, నేను ఇంత కష్టపడి, ఏసీ కూడా ఊడబీకి, మళ్లీ తన ముందుకు తెచ్చిపెట్టాను. "నాకు భయమైంది," అన్నాను చివరికి. ఆ మాట అనడానికి నాకు ఒక సీజన్ పట్టింది.

"గా ఒక్క మాట ఆ రాత్రే అంటే అయిపోతుండె," అంది, చీర కొంగుతో ముఖం తుడుచుకుంటూ.

కంప్రెసర్ మళ్లీ దాని చోటికి వచ్చింది. బండి మునుపటిలాగే మూలుగుతోంది. సూపర్‌ఛార్జరు మా ఇంట్లో తలుపుకు అడ్డంగా పెట్టుకున్నాం, బరువుగా బాగా ఆగుతుంది. దోస్తు మాత్రం ఇప్పటికీ ఆ కంప్యూటర్ పెట్టె సంగతేదో చూస్తే అయిపోయేదంటాడు. అతను చెప్పేది నిజమేనేమో, నాకు తెలియదు.

ఈ చెరుకు సీజన్‌లో మా ఆవిడ బడికి చేరగానే ఫోన్ చేస్తోంది. ఇంజిన్ల హోరులో ఒక చెవి మూసుకుని వింటాను. "ఇయ్యాల రోడ్డు పొడుగూత ట్రాలీ ఎనుకనే వచ్చిన," అంటుంది. పక్కనున్న వాళ్లు ఏమైందని అడుగుతారు. ఏం లేదు, మా బండి చాలా మెల్లగా పోయిందట అని చెబుతాను, సంతోషంగా.