అరుంధతి నాకు కనపడలేదు

కళ్ళు బాగుపడి కొంప ముంచుకున్నవాణ్ణి మీరెక్కడైనా చూశారా? చూడకపోతే నన్ను చూడండి. సంగతి వింటే నవ్వొస్తుంది, నవ్వండి. నేను మాత్రం అప్పుడు బొత్తిగా నవ్వలేదు.

తిరుత్తణిలో మగ్గం నేసుకుని బతికేవాణ్ణి. శుక్లాలు ముదిరి పోగు కనపడకపోతే తిరువళ్ళూరు వెళ్ళి కంటి ఆపరేషన్ చేయించుకున్నాను. కట్టు విప్పాక తెలుపు ఇంత తెల్లగా ఉంటుందా అని మతి పోయింది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. ఈ కొత్త కళ్ళవాడు నేలనే ఎరగడు. చీకటి పడితే చాలు, మిద్దెక్కి చుక్కలు చూడడమే పని. అవి దూది పింజల్లా అలుక్కుపోయి ఉండేవి. చుక్కలంటే అంతే కాబోలనుకున్నాను.

ఒకరోజు గొప్ప చూపించుకోవడానికి మా అక్క మొగుణ్ణి పిలిచాను.

“రా బావా, సప్తర్షుల్ని చూపిస్తా.”

బావ ఉత్తరం వైపు చూశాడు. “అదో, వసిష్ఠుడు. పక్కనే చిన్నగా అరుంధతి.”

“యాడ?”

“ఆడనే. ఆనుకోని ఉండాది చూడు.”

“నాకు కనపళ్ళేదే!”

బావ చుక్కల్ని వదిలేసి నన్ను ఎగాదిగా చూశాడు.

“ఏంది బావా? చెప్పు.”

“ఏం లేదురా రత్నం... అరుంధతి కనపడనోనికి ఆరు నెల్లే అని మా తాత చెప్పినాడు.”

అంతే, మర్నాటి నుంచి నేను కదిలే శవాన్ని. నిజం చెప్పొద్దూ, చచ్చేంత భయం వేసింది. దుప్పటి కప్పుకుంటే పాడె గుర్తొచ్చేది. మా ఆవిడ సరోజ మూల కూర్చుని ఒకటే ఏడుపు.

“సరోజా, కాఫీలో చక్కెర తక్కువైనాది.”

“చస్తానని చెప్పి నన్ను ఏడిపిస్తా ఉండావు, నీకు చక్కెర ఒకటి తక్కువైనాదా?”

నేను పోయాక మా నాయన మగ్గం చెదలు తినేస్తాయని నా దిగులు. బావనే పిలిచి ఇచ్చేశాను. “వద్దయ్యా, అన్నం పెట్టే మగ్గం” అని సరోజ మొత్తుకుంది. “చచ్చేవానికి మగ్గమెందుకు?” అన్నాను, పెద్ద వేదాంతిలా. బావ కళ్ళు తుడుచుకుంటూనే వెళ్ళి మినీ లారీ తెచ్చాడు.

చచ్చేలోగా చెకప్ ఎగ్గొట్టడం దేనికని ఆసుపత్రికి వెళ్ళాను. “చుక్కలు సరిగ్గా కనపళ్ళేదమ్మా” అన్నాను నర్సుతో, ఏడుపు గొంతుతో.

“దూరానికి కండ్లద్దాలు పెట్టుకోవాలయ్యా. ఆపరేషన్‌కి ముందు ‘కిట్టయా, దూరమా’ అని అరవంలో అడిగితిమి గదా. మీరే ‘కిట్టదాన్’, దగ్గరే అంటిరి. దగ్గరి చూపు లెన్సు పెట్టినారు.”

“అయ్యో తల్లీ! మా ఇల్లు దగ్గరా దూరమా అని అడిగినారనుకుంటినే!”

నాకు చావు లేదు! పైగా దగ్గరి చూపు ఎంత బాగుందంటే, పడుగులో ఏ పోగు తెగినా ఇట్టే పట్టేస్తాను. కానీ ఎవరి పడుగులో? చేతులు కాలాక ఆకులంటారు. నాకు మగ్గం పోయాక కళ్ళొచ్చాయి. బస్సు దిగి నేరుగా బావ ఇంటికి పరుగెత్తాను.

“బావా, నేను చావడం లే. నా మగ్గం నాకిచ్చెయ్.”

బావ నేత ఆపలేదు. “పడుగు ఎక్కిచ్చేసినానురా. అయినా తొందరేముండాది? ఆరు నెలలు ఇంకా కాలేదు గదా. అయినాంక ఉంటే, వచ్చి అడుగు.”

ఆ ఆరు నెలలు నిండేదాకా బావ ఇంట్లో, మా నాయన మగ్గం మీద, కూలికి నేశాను. అందుకే కొండ మీది సుబ్రహ్మణ్యస్వామి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇక ఈ జన్మలో, నిజంగా ప్రాణం పోయేదాకా చావను.